బెయిలు మీద వచ్చినవారికి గజమాలలు! పాతకాలంలోనైనా నాయకులకు శిక్షలు పడేవా?

కృష్ణాతీరం
నిన్న సాయంత్రం మా ఊరి కూడలిలో బస్సు గంటకు పైగా ఆగిపోయింది. అవినీతి కేసులో జైలుకు వెళ్లిన మా నాయకుడు ఒకరు బెయిలు మీద బయటికి వచ్చారట. క్రేనుకు వేలాడదీసిన గజమాల, డప్పులు, బాణసంచా, పొక్లెయిన్ తొట్టెలోంచి పూలు. నా పక్క సీటులో ఉన్న పెద్దావిడ డయాలిసిస్‌కు వెళుతోంది. కండక్టరు దిగి కార్యకర్తలను బతిమాలినా ఒక్కరూ పక్కకు జరగలేదు. ఇదే పట్టణంలో మోటారు దొంగతనం కేసులో పట్టుకున్న ఒక కూలీ కుర్రాడు, పూచీకత్తు ఇచ్చేవాళ్లు లేక నెలల తరబడి సబ్‌జైల్లో మగ్గాడు. వాడు బయటికి వచ్చిన రోజున వాళ్లమ్మ తప్ప ఎవరూ లేరు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. "ఆ రోజుల్లో తప్పు చేస్తే మంత్రి అయినా ఇంటికి పోవలసిందే" అని మా తాతగారు అనేవారు. నిజంగా అలాంటి రోజులు ఉన్నాయా? ఉంటే ఎలా పోయాయి? తెలిసినవారు చెప్పండి.

పల్నాటి_పిడుగు
చరిత్ర ఎందుకండీ. నడిబజారులో నిలబెట్టి కొరడాతో కొట్టాలి. ఒక్కడికి పడితే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే దారికొస్తారు.

మంజీర
పిడుగు గారూ, కొరడా పట్టుకునేది ఎవరు? ఆ నాయకుడి చేతి కింద పనిచేసే పోలీసే కదా. ఆ కొరడా చివరికి కృష్ణాతీరం గారు చెప్పిన కూలీ కుర్రాడి వీపు మీదే పడుతుంది.

పాతపత్రికలు
కృష్ణాతీరం గారూ, మీ తాతగారు ఊరికే అనలేదు. 1951లో తాత్కాలిక పార్లమెంటులో హెచ్.జి. ముద్గల్ అనే సభ్యుడు ఉండేవారు. బొంబాయి బులియన్ (బంగారం, వెండి) వర్తకుల సంఘం నుంచి డబ్బు తీసుకుని సభలో వాళ్ల తరఫున ప్రశ్నలు వేశారని ఆరోపణ వచ్చింది. ఆయన అధికార పార్టీ మనిషే. అయినా విచారణ సంఘం వేయాలని, నేరం తేలాక బహిష్కరించాలని తీర్మానాలు పెట్టింది స్వయంగా ప్రధాని నెహ్రూ. ముద్గల్ ముందే రాజీనామా ఇచ్చి తప్పించుకోబోతే, ఆ రాజీనామా లేఖ తీరు తప్పును ఇంకా పెంచిందని సభ తీర్మానించింది.

తరువాత 1957 డిసెంబరులో ఎల్‌ఐసీ సొమ్ము సుమారు రూ.1.24 కోట్లు హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లో పెట్టిన సంగతిని లోక్‌సభలో బయటపెట్టింది ఫిరోజ్ గాంధీ. ప్రధానికి సొంత అల్లుడు! విచారణ చేసింది జస్టిస్ ఎం.సి. చాగ్లా. విచారణ అంతా బహిరంగంగానే. లోపల చోటు చాలక బయట నిలబడిన జనం కోసం లౌడుస్పీకర్లు పెట్టారు. 24 రోజుల్లో ముగించారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆరోపణ సభలోకి వచ్చిన రోజు నుంచి మంత్రి ఇంటికి వెళ్లేదాకా మూడు నెలలు కూడా పట్టలేదు.

ఇక రైల్వే మంత్రిగా లాల్ బహదూర్ శాస్త్రి సంగతి అందరూ తమిళనాడులోని అరియలూరు రైలు ప్రమాదంతో మొదలుపెడతారు. అంతకు ముందే 1956లో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. రాజీనామా ఇస్తానని ఆయన అప్పుడే అన్నారు, నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో అరియలూరు దుర్ఘటన తరువాత ఇక ఆగలేదు. వంతెన కట్టింది ఆయన కాదు, రైలు నడిపింది ఆయన కాదు. శాఖ తనది అనుకున్నారు, అంతే.

తుంగభద్ర
ముద్గల్ మీద విచారణ చేసిన ఆ అయిదుగురి సంఘంలో మన దుర్గాబాయి గారు కూడా ఉన్నారని చదివాను. నిజమేనా?

పాతపత్రికలు
నిజమే. అప్పటికి జి. దుర్గాబాయి, తరువాత దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ సంఘానికి అధ్యక్షుడు ఎవరో తెలుసా? ఆ టి.టి. కృష్ణమాచారే! ఒకరి తప్పు తేల్చిన పెద్దమనిషి ఏడేళ్లు తిరగకుండా తానే పదవి వదిలి వెళ్లవలసి వచ్చింది.

గోదారి_గట్టు
సుందరయ్య గారు సైకిలు మీద పార్లమెంటుకు వెళ్లేవారని మా నాన్న చెబుతుంటే చిన్నప్పుడు కథ అనుకునేవాణ్ణి. ప్రకాశం పంతులు గారు బారిస్టరుగా బోలెడంత సంపాదించి, ముఖ్యమంత్రిగా చేసి, చివరికి చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయారు. ఇప్పుడు వార్డు మెంబరు కూడా మూడు కార్లు లేకుండా పెళ్లికి రావడం లేదు.

నల్లకోటు
మరీ బంగారు కాలం చేసేయకండి. అదే కృష్ణమాచారి గారు 1962లో మళ్లీ కేంద్ర మంత్రివర్గంలోకి వచ్చారు, ఆ తరువాత మళ్లీ ఆర్థిక మంత్రి కూడా అయ్యారు. 1948లో సైన్యానికి జీపులు కొన్న వ్యవహారంలో పేరు వినిపించిన కృష్ణ మీనన్ 1956లో మంత్రి అయ్యారు. అప్పుడూ అన్నీ ఉన్నాయి.

కాని ఒక తేడా ఉంది. విచారణ త్వరగా జరిగేది, అందరి కళ్లముందు జరిగేది. వింధ్య ప్రదేశ్ మంత్రి రావ్ శివ్ బహదూర్ సింగ్ 1949లో పన్నా వజ్రాల గనుల వ్యవహారంలో రూ.25,000 లంచం కేసులో దొరికిపోయారు, మూడేళ్ల శిక్ష పడింది. పాతకాలపు కాఠిన్యం అని మనం అనుకునేది నిజానికి వేగం. శిక్షలు ఇప్పటికంటే పెద్దవేమీ కావు.

పల్నాటి_పిడుగు
వేగం కావాలంటే భయం ఉండాలి. ఎమర్జెన్సీలో ఆఫీసుకు పదింటికల్లా గుమస్తాలు వచ్చి కూర్చునేవారని మా పెద్దనాన్న ఇప్పటికీ చెబుతారు. రైళ్లు సమయానికి నడిచేవి. అలాంటి ఒక్క రెండేళ్లు వస్తే చాలు.

బడిపంతులు
పిడుగూ, నేను ఆ రెండేళ్లూ చూసినవాణ్ణి. గుమస్తా పదింటికి వచ్చాడు, నిజమే. మరి నాయకుడు? 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ప్రధాని ఇందిరా గాంధీ ఎన్నికనే కొట్టేశారు. కారణాలు ఏమిటో తెలుసా? ప్రభుత్వ ఉద్యోగి ఒకరు ఎన్నికల పని చేయడం, సభావేదికలు కట్టించి విద్యుత్తు ఏర్పాటు చేసింది ప్రభుత్వ అధికారులు కావడం. అంతే! ఈ రోజుల్లో ఆ కొలత పెడితే ఏ సభ నిలుస్తుంది? అసలు కఠిన న్యాయం అంటే అది.

ఆ తీర్పుకు జవాబుగా వచ్చిందే ఎమర్జెన్సీ. ఆగస్టులో 39వ రాజ్యాంగ సవరణ తెచ్చి ప్రధాని ఎన్నికను కోర్టులు ముట్టుకోకూడదన్నారు. లక్షమందికి పైగా మనుషుల్ని విచారణ లేకుండా లోపల పెట్టారు. మా బళ్లో తెలుగు మాస్టారిని ఒక రాత్రి తీసుకువెళ్లారు, ఎందుకో వాళ్ల భార్యకు కూడా చెప్పలేదు. భయం కింద ఉన్నవాళ్లకు పుట్టింది నాయనా, పైన ఉన్నవాళ్లకు కాదు.

పల్నాటి_పిడుగు
మాస్టారి సంగతి నాకు తెలియదు పంతులు గారూ. చూసినవారు చెబుతుంటే కాదనను. కాని ఈ గజమాలలు ఇలా ఎన్నాళ్లు చూడాలి?

చార్మినార్_చాయ్
మీరంతా మొన్న మొన్నటి కథలు చెబుతున్నారు. గోల్కొండ తానీషా కాలంలో పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న ఖజానా సొమ్ము ఆరు లక్షలు వాడితే పన్నెండేళ్లు కోటలో పెట్టారని చెబుతారు. అక్కన్న మాదన్నల మేనల్లుడు అయినా వదల్లేదు. పైగా ఆ సొమ్ముతో కట్టింది భద్రాద్రి గుడి, సొంత బంగళా కాదు!

గోదారి_గట్టు
చాయ్ గారూ, ఆయన బాకీ రాముడొచ్చి కట్టాడు. వీళ్ల బాకీ మనం కడుతున్నాం :)

తుంగభద్ర
హహ. సీతమ్మకు చింతాకు పతకం చేయించి లెక్క కూడా పాటలోనే చెప్పేశాడాయన. ఇంతకంటే పారదర్శకత ఏముంటుంది.

దస్త్రం
నేను రెవెన్యూలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఒకసారి ఏసీబీ వాళ్లు లంచం పట్టుకునేటప్పుడు నన్ను మధ్యవర్తిగా, అంటే సాక్షిగా పిలిచారు. చాలామందికి ఆ పని ఎలా జరుగుతుందో తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ఫిర్యాదు చేసినాయన తెచ్చిన నోట్ల నెంబర్లు ఒక్కొక్కటే చదివి మా చేత రాయించారు. తెల్లటి ఫినాఫ్తలీన్ పొడిని నోట్లకు పలచగా పట్టించి ఆయన జేబులో పెట్టారు, మళ్లీ ముట్టుకోవద్దన్నారు. ఆఫీసులో ఉద్యోగి డబ్బు తీసుకోగానే సైగ. లోపలికి వెళ్లి గాజు గ్లాసుల్లో సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లు పెట్టి వేళ్లు ముంచమన్నారు. నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. ఆ మనిషి గ్లాసు వంక చూస్తూ ఉండిపోయాడు, నోట మాట లేదు. ఆ నీళ్లను సీసాల్లో పోసి, మూతకు గుడ్డ చుట్టి, లక్క పెట్టి, చీటీ మీద మా సంతకాలు తీసుకున్నారు. ఆ రోజే అరెస్టు. నలభై ఎనిమిది గంటలు దాటి కస్టడీలో ఉంటే ఉద్యోగి సస్పెండైనట్టే, వేరే ఆలోచన లేదు. జీతం పోయి జీవనభృతి మిగులుతుంది.

అతను తప్పు చేశాడు, శిక్ష అనుభవించాడు, నాకు జాలి లేదు. నా బాధ వేరు. అతను తీసుకున్నది ఒక పాసుపుస్తకం కోసం కొన్ని వేలు. అదే మండలంలో చెరువు శిఖం భూమి (చెరువు లోపలి భూమి) మీద వెంచరు వేసిన నాయకుడి దస్త్రం నా బల్ల మీదే పై సంతకం కోసం ఏళ్ల తరబడి పడి ఉంది. ఆయనకు ఏ గ్లాసూ లేదు, ఏ గులాబీ నీళ్లూ లేవు. ఆయన మంత్రి అయ్యి వచ్చినప్పుడు మేమే వరుసలో నిలబడి బొకేలు ఇచ్చాం. గుమస్తాకు రెండు రోజులు జైల్లో ఉంటే ఉద్యోగం ఆగుతుంది. మంత్రి జైల్లోంచే ప్రభుత్వం నడపవచ్చు. ఈ తేడా చూసి చూసి నా సర్వీసు అయిపోయింది.

మంజీర
దస్త్రం గారూ, ఇది చదివాక ఏమీ రాయబుద్ధి కాలేదు. బొకే ఇచ్చే వరుసలో నేనూ నిలబడ్డాను.

కృష్ణాతీరం
ముప్పై రోజులు జైల్లో ఉంటే మంత్రి పదవి పోయేలా కేంద్రం ఒక బిల్లు తెచ్చిందిగా?

నల్లకోటు
2025 ఆగస్టులో 130వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టారు, సంయుక్త పార్లమెంటరీ సంఘానికి పంపారు. అయిదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరంలో వరుసగా ముప్పై రోజులు నిర్బంధంలో ఉంటే ప్రధాని, ముఖ్యమంత్రి, మంత్రి ఎవరైనా పోతారు. ఉద్యోగికో న్యాయం, మంత్రికో న్యాయమా అన్నది తెచ్చినవారి వాదన. అరెస్టు చేసే సంస్థలు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఎదుటి పక్షం ప్రభుత్వాన్ని కూల్చేస్తారన్నది వ్యతిరేకించినవారి భయం. నేను ఆ భయం వైపే. నేరం తేలాక పదవి పోవాలి. తేలడం ఆలస్యమవుతోందని, తేలకముందే పీకేయమంటే రేపు నిజాయితీపరుడు కూడా ముప్పై రోజుల దూరంలోనే ఉంటాడు.

దస్త్రం
మరి గుమస్తాకు ఆ భయం ఎందుకు వర్తించదు నల్లకోటు గారూ? వాడికీ తప్పుడు కేసులు పెట్టేవాళ్లున్నారు. ఈ విషయంలో మీతో నేను ఏకీభవించను.

సింగపూర్_సుబ్బు
ఇక్కడ రవాణా మంత్రి ఈశ్వరన్ కేసు మా కళ్లముందే నడిచింది. 2023 జులైలో అరెస్టు, 2024 జనవరిలో అభియోగాలు, అక్టోబరులో పన్నెండు నెలల జైలు. ఆయన తీసుకున్నవి ఏమిటి? నాటకాల టిక్కెట్లు, ఫుట్‌బాల్ టిక్కెట్లు, విస్కీ సీసాలు, ఒక మడతపెట్టే సైకిలు. మా ఆఫీసులో తెలుగువాళ్లం టీ తాగుతూ, మన దగ్గర సైకిలు తీసుకుంటే లంచం అనరు, సన్మానం అంటారు అనుకున్నాం.

దమ్మామ్_రాజు
కఠిన చట్టాలు అని గల్ఫ్‌ను మెచ్చుకునేవాళ్లు ఒకసారి ఇక్కడికి రండి. జీతం నెలల తరబడి ఇవ్వని యజమాని హాయిగా ఉంటాడు. పని వదిలి వెళ్లిన కరీంనగర్ కుర్రాడు పరారీ కేసులో లోపల ఉంటాడు. 2017లో రియాద్‌లో యువరాజులను, మంత్రులను అవినీతి అని పెద్ద హోటల్లో నిర్బంధించారు, ఊరంతా చప్పట్లు కొట్టింది. చాలామంది డబ్బు కట్టి ఒప్పందాలు చేసుకుని బయటికి వచ్చారు. లెక్క ఏమిటో, ఎవరు ఎంత కట్టారో మామూలు మనిషికి తెలియదు. కోర్టులో నడవని శిక్షను నేను నమ్మను.

పల్నాటి_పిడుగు
రాజు గారూ, మీరు కోర్టులో నడవాలంటారు, ఇక్కడ కోర్టులో నడిస్తే మనవళ్లు పుట్టేదాకా సాగుతుంది. 2019లో దిశ కేసులో నిందితులను పోలీసులు కాల్చేస్తే జనం పూలు చల్లారు. ఎందుకు చల్లారు? నమ్మకం పోయి. నాయకులకూ అలాగే కావాలని నా లాంటివాడు అంటే తప్పు నాదా?

మంజీర
నేను అప్పట్లో షాద్‌నగర్ వైపే ఉద్యోగం చేసేదాన్ని. ఆ అమ్మాయికి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ వెన్నులో వణుకు. చటాన్‌పల్లి వంతెన దగ్గర పూలు చల్లినవాళ్లలో మా సహోద్యోగులు ఉన్నారు, మిఠాయిలు పంచారు. తరువాత సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఏమని నివేదిక ఇచ్చిందో చదివారా? చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద విచారణ జరగాలని. ఆ నివేదిక 2022లో బయటికి వచ్చినప్పుడు మా ఆఫీసులో ఎవరూ దాని మాట ఎత్తలేదు. చచ్చిపోయిన నలుగురూ నేరస్తులో కాదో కోర్టు తేల్చే అవకాశమే లేకుండా పోయింది. ఆడపిల్లగా నాకు ఆ కేసులో తీర్పు కావాలి, నా కోసం. అది రాలేదు.

ఒకటి చెప్పండి పిడుగు గారూ, ఇన్నేళ్లలో ఇలా కాల్పుల్లో పోయినవారిలో మంత్రి ఎవరైనా ఉన్నారా?

పల్నాటి_పిడుగు
లేరు.

బడిపంతులు
మంజీరమ్మా, నువ్వు రాసింది మా ఇంట్లో చదివి వినిపించాను.

నల్లకోటు
పిడుగు గారి "మనవళ్లు పుట్టేదాకా" అన్న మాటకు లెక్కలు ఇస్తాను, ఎందుకంటే ఆ కోపం న్యాయమైనదే. దాణా కుంభకోణం 1996లో బయటపడింది. లాలూ ప్రసాద్‌కు మొదటి శిక్ష 2013లో. టెలికాం మంత్రిగా చేసిన సుఖ్‌రామ్ ఇంట్లో కోట్ల నోట్ల కట్టలు దొరికింది 1996లో. టెలికాం కేసులో శిక్షను ఢిల్లీ హైకోర్టు ఖాయం చేసేసరికి 2011, ఆయనకు ఎనభై దాటాయి. రషీద్ మసూద్ ఆరోగ్య మంత్రిగా ఉండి వైద్య సీట్లు అనర్హులకు ఇచ్చింది 1990లో, శిక్ష 2013లో. జయలలిత గారి ఆస్తుల కేసులో 2014లో వంద కోట్ల జరిమానాతో శిక్ష, 2015లో నిర్దోషి, 2017లో సుప్రీంకోర్టు మళ్లీ శిక్ష ఖాయం చేసేనాటికి ఆవిడ లేరు.

అయినా ఏమీ మారలేదనడం తప్పు. 2013 జులై దాకా శిక్ష పడిన ఎంపీ, ఎమ్మెల్యే మూడు నెలల్లో అప్పీలు వేసుకుంటే పదవి అలాగే ఉండేది. లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఆ వెసులుబాటు కొట్టేసింది. ఇప్పుడు రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే ఆ రోజే పదవి పోతుంది, విడుదలయ్యాక ఇంకో ఆరేళ్లు పోటీకి అర్హత లేదు. ఆ తీర్పు కింద మొదట పదవి పోగొట్టుకున్నది రషీద్ మసూద్. సభలో ఓటుకు లంచం తీసుకున్న సభ్యుణ్ణి విచారించకూడదన్న 1998 నాటి తీర్పును కూడా 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రద్దు చేసింది. 2021 నుంచి ప్రభుత్వాలు తమవారి మీది కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయడానికి వీల్లేదు. అంతకు ముందు ప్రభుత్వం మారగానే జీవోతో కేసులు ఎగిరిపోయేవి, మా కోర్టు ఆవరణలోనే చూశాను.

ఒక దారుణం మాత్రం మిగిలే ఉంది. జైల్లో ఉన్నవాడు ఓటు వేయడానికి వీల్లేదు, పోటీ చేయవచ్చు.

గోదారి_గట్టు
ఏమిటీ! ఓటు లేదు, సీటు ఉందా?

నల్లకోటు
అవును. విచారణ ఖైదీకి కూడా ఓటు హక్కు లేదు. ఆ కూలీ కుర్రాడు లోపల ఉండగా ఎన్నికలు వచ్చి ఉంటే ఓటు వేయలేడు. గజమాల వేయించుకున్నాయన లోపలి నుంచే నామినేషను వేయగలడు.

తుంగభద్ర
మన చేతుల్లోది కూడా చూద్దాం. అభ్యర్థుల అఫిడవిట్ల ఆధారంగా ఏడీఆర్ సంస్థ వేసిన లెక్క ప్రకారం క్రిమినల్ కేసులున్న లోక్‌సభ సభ్యులు 2009లో 162 మంది, 2014లో 185, 2019లో 233, 2024లో 251. ప్రతిసారీ పెరిగారు. వీళ్లను ఎవరూ నియమించలేదు. మనమే ఓటు వేశాం.

చార్మినార్_చాయ్
కేసులున్న ప్రతివాడూ దొంగ కాదు తుంగభద్ర గారూ. ధర్నా చేసినా కేసే, రాస్తారోకో చేసినా కేసే. నా మీదా ఒకటి ఉంది, మంచినీళ్ల కోసం బిందెలతో రోడ్డు మీద కూర్చున్నందుకు.

తుంగభద్ర
ఒప్పుకుంటాను. అందుకే ఏ సెక్షను అన్నది చూడాలి. హత్యాయత్నం, అపహరణ, అత్యాచారం లాంటి తీవ్రమైన కేసులున్నవారిని కూడా వేరుగా లెక్కగట్టారు, వారే 2024లో 170 మంది.

గోదారి_గట్టు
మా ఊళ్లో పోలింగుకు ముందు రోజు రాత్రి ఇంటింటికీ కవర్లు వచ్చాయి. మా పక్కింటాయన రెండు పార్టీలవీ తీసుకున్నాడు. తరువాత రోడ్డు గుంతల గురించి అడగబోతే "నీ ఓటుకు డబ్బిచ్చాం కదా" అన్నారట. మా ఇంటికి వచ్చిన కవరు మా అమ్మ గుమ్మంలోనే తిప్పి పంపింది. వాళ్లు మరుసటి నెల మా పింఛను దరఖాస్తు మీద అభ్యంతరం రాశారు. అవినీతిపరుణ్ణి ఎన్నుకున్నారు అని జనాన్ని తిట్టేముందు ఆ గుమ్మం కూడా గుర్తుంచుకోండి.

దస్త్రం
గట్టు గారూ, ఆ అభ్యంతరం ఎవరు రాశారో, ఏ కారణం చూపారో సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాసిన గుమస్తా ఆ కాగితం చూస్తేనే సగం సర్దుకుంటాడు, నా అనుభవం.

గోదారి_గట్టు
రేపే వేస్తాను దస్త్రం గారూ.

కృష్ణాతీరం
మీ అందరి మాటలు చదివాక మా నాయకుడి అఫిడవిట్ ఎన్నికల సంఘం సైట్‌లో తీశాను. నాలుగు కేసులున్నాయి. ఒకటి 2011 నాటిది, అభియోగాలు ఖరారు కాలేదని ఆయనే రాసుకున్నారు! ఇది ఇప్పుడు ఏ దశలో ఉందో మామూలు మనిషి తెలుసుకోవడానికి దారి ఉందా నల్లకోటు గారూ?

నల్లకోటు
ఉంది. అఫిడవిట్‌లో కేసు నెంబరు, కోర్టు పేరు రాసి ఉంటాయి. ఈకోర్ట్స్ సైట్‌లో గాని, ఫోను యాప్‌లో గాని రాష్ట్రం, జిల్లా, కోర్టు ఎంచుకుని ఆ నెంబరు కొట్టండి. పదహారు అక్షరాల సీఎన్ఆర్ నెంబరు తెలిస్తే అది ఒక్కటే చాలు. ఏ తేదీన ఏమి జరిగింది, ఎందుకు వాయిదా పడింది, మళ్లీ ఎప్పుడు అన్నదంతా వరుసగా కనిపిస్తుంది. ప్రజాప్రతినిధుల కేసుల ప్రత్యేక కోర్టుకు బదిలీ అయి ఉంటే అక్కడ వెతకండి, పాత నెంబరు మారి ఉంటుంది. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఈ కేసులను హైకోర్టులే స్వయంగా కనిపెట్టి చూడాలని ఆదేశించింది, కాబట్టి వాయిదాల పట్టిక మీ దగ్గర ఉంటే అది పనికివచ్చే కాగితమే.

పల్నాటి_పిడుగు
మా ఎమ్మెల్యేది కూడా తీస్తున్నాను. వాయిదా దగ్గర "నిందితుడు గైర్హాజరు" అని పదకొండు చోట్ల ఉంది. గైర్హాజరైతే వారెంటు ఇవ్వరా?

నల్లకోటు
ఇవ్వవచ్చు. పక్కన "హాజరు మినహాయింపు పిటిషను" అని ఉందేమో చూడండి. ఉంటే ప్రతిసారీ ఏ కారణం చూపారో ఉత్తర్వుల్లో ఉంటుంది, తెరిచి చదవండి.

పల్నాటి_పిడుగు
ఉంది. "అనారోగ్యం" అని ఉంది. ఆ తేదీన ఆయన మా ఊళ్లో వాలీబాల్ పోటీలు ప్రారంభించారు, ఫొటో నా ఫోనులోనే ఉంది. ఇది ఎవరికి ఇవ్వాలి?

నల్లకోటు
ముందు ఆ ఫొటో తేదీతో సహా భద్రం చేయండి. కేసు నడిపే పబ్లిక్ ప్రాసిక్యూటరుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఆయన కదలకపోతే హైకోర్టు రిజిస్ట్రారుకు ఏమి రాయాలో నేను చెబుతాను.